కర్రపెండలం: కర్ర కోయడం నుంచి దుంప ఉడికేదాకా

సగ్గుబియ్యం చేసే కర్రపెండలం దుంపను ముక్కలు కోసి పాతితే మొలవదు, కుళ్లుతుంది. పెరట్లో మొదటిసారి వేసేవాళ్లు చేసే పొరపాటు ఇదే. బంగాళదుంప నేలలో పెరిగే కాండం, అందుకే దానికి కళ్లుంటాయి, కన్ను దగ్గర మొలక వస్తుంది. కర్రపెండలం దుంప మాత్రం లావెక్కిన వేరు. వేరుకు కన్నుండదు, కాబట్టి కొత్త మొక్క కాండం నుంచే రావాలి. తవ్విన రెండో రోజుకే దుంప లోపల నీలం చారలు రావడానికీ, దాన్ని వండే ముందు విషం పోగొట్టే తతంగం ఉండటానికీ కారణాలు కూడా మొక్క ఒంట్లోనే ఉన్నాయి. ఏ పని ఎందుకో తెలిస్తే ఎక్కడ తప్పిందో కనిపెట్టడం తేలిక.

మొక్కను గుర్తుపట్టడం

ఇది ఆముదం కుటుంబానికి చెందిన మొక్క. నేపాళం, రబ్బరు చెట్టు దీనికి చుట్టాలు. ఎక్కడ గిల్లినా పాలు కారతాయి. దీని ప్రజాతి పేరు మానిహాట్. అందులో సుమారు వంద జాతులున్నాయి, అన్నీ అమెరికా ఖండాలవే. మనం తినేది మానిహాట్ ఎస్కులెంటా. దాన్ని మచ్చిక చేసింది అమెజాన్ నైరుతి అంచున, నేటి బ్రెజిల్ ప్రాంతంలో. పోర్చుగీసుల ద్వారా కేరళ తీరానికి చేరింది. 1880 నుంచి 1885 వరకు తిరువాన్కూరును ఏలిన విశాఖం తిరునాళ్ మహారాజు దీని సాగును బాగా ప్రోత్సహించాడు. శ్రీ విశాఖం అనే రకానికి ఆ పేరు అందుకే. మన దగ్గర పెండలం అనేది వేరే తీగ దుంప. ఈ రెండింటికీ బంధుత్వం లేదు.

మొక్క ఒకటిన్నర నుంచి మూడు మీటర్ల దాకా పెరిగే పొద. ఆకు చేతివేళ్లలా చీలి ఉంటుంది, సాధారణంగా 3 నుంచి 9 తమ్మెలు. దూరం నుంచి చూస్తే బూరుగు ఆకులా కనిపిస్తుంది. రాలిన ప్రతి ఆకు కాండం మీద ఉబ్బెత్తు మచ్చ వదులుతుంది, ఆ మచ్చకు పైనే కన్ను ఉంటుంది. ముచ్చెను (నాటడానికి కోసిన కాండం ముక్కను) తలకిందులు చేయకుండా నాటడానికి ఈ మచ్చే గుర్తు: కన్ను మచ్చకు పైవైపున ఉండాలి.

ఒకే గుత్తిలో ఆడపూలు, మగపూలు విడివిడిగా ఉంటాయి. ఆడపూలు వారం, పది రోజుల ముందే విచ్చుకుంటాయి కాబట్టి పరపరాగ సంపర్కం ఎక్కువ. కాయ ఎండి పగిలితే మూడు గింజలు పడతాయి. గింజతో మొక్క వస్తుంది కానీ తల్లి గుణాలు రావు. ఒక్కో గింజ ఒక్కో తీరు. గింజలు కొత్త రకాలు తయారుచేసే శాస్త్రవేత్తల పని, రైతుకు అక్కరలేదు.

ఇదే ప్రజాతిలో సియారా రబ్బరు అనే చెట్టు ఉంది. ఒకప్పుడు రబ్బరు పాల కోసం దక్షిణ భారతానికి తెచ్చారు. దాని ఆకు కాడ అంచున కాకుండా తామరాకులా కాస్త లోపలికి అతుక్కుని ఉంటుంది. తినే దుంప కోసం పనికిరాదు. కానీ కర్రపెండలానికి మొజాయిక్ అనే వైరస్ తెగులును తట్టుకునే గుణం తేవడానికి టాంజానియాలోని అమానీలో 1930లలో మొదలైన సంకరాలకు ఈ చెట్టే ఆధారం. పెద్ద ఆకులో పసుపు మరకలుండే అలంకరణ మొక్క మాత్రం వేరే జాతి కాదు, కర్రపెండలమే.

కాడ ఎర్రగా ఉంటే చేదు, పచ్చగా ఉంటే తీపి అని చెప్పేవాళ్లుంటారు. నమ్మకండి. రంగుకూ విషానికీ నమ్మదగిన సంబంధం లేదు. ఏ రకమో తెలిసిన చోటు నుంచే కర్ర తెచ్చుకోవాలి.

రకం

కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ 1963లో తిరువనంతపురంలో మొదలైంది. అక్కడి నుంచి 1971లో వచ్చిన హెచ్-97, హెచ్-165, హెచ్-226 సంకర రకాలే తమిళనాడు, ఆంధ్రలో సగ్గుబియ్యం, పిండి మిల్లుల కోసం వేసే పంటకు వెన్నెముక. హెచ్-165 కొమ్మలు వేయకుండా నిటారుగా పెరిగి 8 నెలలకు తయారవుతుంది. హెచ్-226కు 10 నెలలు పడుతుంది. ఇవి పిండి కోసం చూసుకునే రకాలు. ఉడకబెట్టుకుని తినడానికి శ్రీ జయ, శ్రీ విజయ మేలు. 6-7 నెలలకే వస్తాయి కాబట్టి పెరటికీ బాగుంటాయి. పాత ఎం-4 రుచిలో ఇప్పటికీ ముందే ఉంది, దిగుబడి మాత్రం తక్కువ. తెల్లదోమ ఎక్కువగా ఉండే చోట మొజాయిక్ తట్టుకునే శ్రీ రక్ష వంటి రకం దొరికితే దాన్నే వేయండి.

ముచ్చెలు: పంట సగం ఇక్కడే తేలిపోతుంది

కర్ర వయసు 8 నుంచి 10 నెలలు ఉండాలి. పైన ఉన్న లేత మూడో వంతు పారేయండి. అందులో నిల్వ ఆహారం ఉండదు, రెండు రోజుల ఎండకే వాడుతుంది. మొదట్లో ఉన్న బాగా ముదురు భాగం కూడా తీసేయాలి, అది మొలవడానికి చాలా రోజులు తీసుకుంటుంది. మధ్య కర్ర 2-3 సెంటీమీటర్ల లావు ఉంటే సరి. అడ్డంగా కోసి చూడండి: మధ్యలోని తెల్లటి బెండు మొత్తం అడ్డకొలతలో సగానికి మించితే కర్ర ఇంకా లేత. గోటితో గీరగానే పాలు రావాలి. ఆలస్యంగా వస్తే కర్ర ఎండిపోతోందని, రాకపోతే ఆ ముక్క పనికిరాదని అర్థం.

ముచ్చె పొడవు 20 సెంటీమీటర్లు, కణుపులు 10-12. పదునైన కత్తితో ఒక్క దెబ్బకు తెగాలి. మొద్దు కత్తితో నలిగిన చివర నుంచే కుళ్లు మొదలవుతుంది. కింది చివర నున్నగా, సమంగా తెగితే వేర్లు చుట్టూ వస్తాయి. ఏటవాలుగా తెగితే ఒక పక్కకే గుంపుగా వస్తాయి, దుంపలు కూడా ఆ పక్కకే ఒరుసుకుంటాయి.

తవ్వకానికీ నాటడానికీ మధ్య నెల, రెండు నెలలు వ్యవధి ఉంటే కర్రలను ముక్కలు చేయకండి. పూర్తి పొడవుగా కట్టలు కట్టి, మొదళ్లు మట్టికి తగిలేలా చెట్టు నీడలో నిలబెట్టండి. పడుకోబెడితే కన్నులు పక్కలకు మొలిచి నిల్వ ఆహారం తినేస్తాయి. నాటే రోజున రెండు చివరల ఎండిన భాగం తీసేసి ముచ్చెలు కోయాలి.

కర్ర తక్కువగా ఉన్నప్పుడు చిన్న ముచ్చెల పద్ధతి పనికొస్తుంది. రెండేసి కణుపులతో ముక్కలు కోసి, పలుచటి నీడ కింద నారుమడిలో 5 సెంటీమీటర్ల దూరంలో పెట్టి రోజూ తడుపుతారు. మూడు, నాలుగు వారాలకు మొక్కలు తయారవుతాయి. వాటిని పొలంలో 45 సెంటీమీటర్ల దూరంలో నాటాలి, ఎకరాకు దాదాపు 20,000 పడతాయి. మామూలుగా ఒక మొక్క కర్ర పది మొక్కలవుతుంది, ఈ పద్ధతిలో అరవై దాకా అవుతుంది. అంతకన్నా పెద్ద లాభం ఇంకోటుంది: ఆకు ముడతపడిన మొక్కలను పొలానికి వెళ్లకముందే నారుమడిలోనే ఏరేయవచ్చు.

నాటడం, ఎరువు

నీరు నిలవని గరప నేల, ఎర్ర నేల దీనికి ఇష్టం. నల్లరేగడిలో దుంప సాగదు, తవ్వడమూ కష్టమే. నీరు రెండు రోజులు నిలిచినా దుంపకు ఊపిరాడదు, కుళ్లు పడుతుంది. మిగతా పంటలు వదిలేసిన బీద నేలలో కూడా పండుతుంది కాబట్టే దీన్ని ఎరువు అక్కరలేని పంట అనుకుంటారు. నిజానికి ఇది నేలలోని పొటాష్‌ను బాగా లాగేసే పంట.

వర్షాధారంగా అయితే తొలకరి పడగానే నాటండి. కొమ్మలు వేసే రకాలకు 90 × 90 సెంటీమీటర్లు (ఎకరాకు దాదాపు 5,000), నిటారు రకాలకు 75 × 75 (దాదాపు 7,200). మట్టి దిబ్బ మీద గాని బోదె మీద గాని ముచ్చెను నిలువుగా, 5 సెంటీమీటర్ల లోతుకే గుచ్చాలి. లోతుగా పాతితే దుంపలు కూడా లోతుకు దిగి, తవ్వేటప్పుడు సగం నేలలోనే విరిగిపోతాయి. రెండు వారాల్లోపు మొలవనివాటి స్థానంలో కొత్తవి పెట్టండి, అందుకోసం నూటికి ఐదు ముచ్చెలు ఒక మూలన ముందే నాటి ఉంచుకోండి. నెల దాటాక గుంట పూడిస్తే ఆ మొక్క పక్కవాటి నీడలో ఎదగదు.

నెల రోజులకు ముచ్చె మీద నాలుగైదు పిలకలు వస్తాయి. ఎదురెదురుగా ఉన్న రెండింటిని ఉంచి మిగతావి తుంచేయండి. ఈ పని మానేస్తే పొద గుబురుగా కనిపిస్తుంది, కింద దుంపలు వేలంత లావే ఉంటాయి.

ఎకరాకు 5 టన్నుల పశువుల ఎరువు ఆఖరి దుక్కిలో వేయాలి. పోషకాలు 40 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరం, 40 కిలోల పొటాష్. అంటే సుమారు 87 కిలోల యూరియా, 125 కిలోల సూపర్ ఫాస్ఫేట్, 67 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్. సూపర్ మొత్తం, మిగతా రెండింట్లో సగం నాటేటప్పుడు. మిగిలిన సగం రెండో నెలలోపు కలుపు తీసి, మట్టి ఎగదోస్తూ. యూరియా ఎక్కువైతే పైన ఆకే పెరుగుతుంది, దుంపలో విషం శాతం కూడా పెరుగుతుంది. పొటాష్ దీనికి విరుగుడు: పిండిని పెంచి, విషాన్ని తగ్గిస్తుంది. ఖర్చు తగ్గించుకోవాల్సి వస్తే యూరియాలో కోయండి, పొటాష్‌లో కాదు.

మొదటి మూడు నెలలు కలుపు లేకుండా చూస్తే చాలు, తర్వాత ఆకే నీడ కప్పుతుంది. ఆ ఖాళీలో వేరుశనగ, మినుము, బొబ్బర్లు అంతరపంటగా వచ్చేస్తాయి.

ఆకు ముడత, పిండినల్లి

మొజాయిక్ సోకితే ఆకు మీద పచ్చ, లేతపసుపు మచ్చలు వచ్చి, ఆకు వంకర తిరిగి చిన్నదవుతుంది. ఇది వైరస్, మందు లేదు. తెల్లదోమ మోస్తుంది గాని, ఎక్కువ భాగం రైతే తన చేతులతో పాతుతాడు, తెగులున్న కర్రను మళ్లీ నాటి. తవ్వకం నాటికి ఆకులు రాలిపోయి ఉంటాయి కాబట్టి అప్పుడు చూసి మంచి కర్ర ఏరడం కుదరదు. మూడు నుంచి ఐదు నెలల మధ్య, ఆకు నిండుగా ఉన్నప్పుడు తోటలో తిరిగి, ఆరోగ్యంగా ఉన్న మొక్కల కాండానికి రంగు గుడ్డ కట్టండి. విత్తన కర్ర వాటి నుంచే తీయండి.

కర్రపెండలం పిండినల్లి 2020లో కేరళలో బయటపడింది, తర్వాత తమిళనాడు తోటలను దెబ్బతీసింది. కొస ఆకులు ముడుచుకుని గుత్తిలా అయిపోతాయి, కణుపుల మధ్య దూరం తగ్గి కాండం వంకర పోతుంది. 1980లలో ఆఫ్రికాలో దీన్ని అదుపు చేసింది దక్షిణ అమెరికా నుంచి తెచ్చిన అనగైరస్ లోపెజి అనే చిన్న కందిరీగ. ఆ పని నడిపిన హాన్స్ హెరెన్‌కు 1995లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. అదే కందిరీగను 2022లో తమిళనాడులోనూ వదిలారు. మందు కొట్టేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటే: అన్ని పురుగులనూ చంపే మందు ముందుగా చంపేది ఈ కందిరీగనే. మొదట్లో కనిపించిన కొసలు తుంచి కాల్చేయండి, పిండినల్లి ఉన్న ఊరి నుంచి కర్ర తేకండి.

తవ్వకం

రకం గడువు పూర్తయ్యేసరికి కింది ఆకులు పసుపుబారి రాలతాయి, మొదట్లో మట్టి పగుళ్లిస్తుంది. గడువు దాటి రెండు, మూడు నెలలు ఉంచితే బరువు పెరగవచ్చు గాని మధ్య నార గట్టిపడి తినడానికి పనికిరాదు. ఎండల తర్వాత వాన పడితే మొక్క కొత్త చిగురు వేయడానికి దుంపలోని పిండిని కరిగించుకుంటుంది. అలాంటి దుంప ఎంత ఉడికినా మెత్తబడదు, మిల్లులో కూడా పిండి తక్కువ పడుతుంది. ఆ వాన పడేలోగానే తవ్వేయండి.

కాండాన్ని 30 సెంటీమీటర్ల ఎత్తులో కోసి, ఆ మోడును పట్టుకుని అటూ ఇటూ ఊపుతూ లేపాలి. నేల గట్టిగా ఉంటే ముందురోజు తడపండి. గునపం దెబ్బ తగిలిన దుంపే ముందు పాడవుతుంది.

తవ్విన ఒకటి, రెండు రోజుల్లో గాయం దగ్గర నుంచి నీలం, నల్ల చారలు లోపలికి పాకుతాయి. ఇది కుళ్లు కాదు, సూక్ష్మజీవుల పనీ కాదు. గాలి తగిలి కణాలే రసాయనాలు తయారుచేసుకుంటాయి. విత్తనంగా నిద్రపోయే అవయవం కాదు గనుక దీనికి నిల్వ ఉండే తెలివి లేదు. దీన్ని ఆపడానికి దారులు: తవ్వకానికి రెండు, మూడు వారాల ముందు మొక్క కొసలు నరికేయడం (చారలు ఆలస్యమవుతాయి, పిండి కాస్త తగ్గుతుంది), దెబ్బ తగలని దుంపలను తడి ఇసుకలో లేదా తడి రంపపు పొట్టులో పేర్చడం, ఇంట్లో అయితే తొక్క తీసి ముక్కలు చేసి ఫ్రీజర్‌లో పెట్టడం. అమెరికాలోని లాటిన్ దుకాణాల్లో యూకా పేరుతో మైనం పూసి అమ్ముతారు. పూత ఉంది గనుక గాలి తగలదు. కొనేటప్పుడు చివర కొద్దిగా విరిపించి చూడండి, తెల్లగా ఉంటేనే తీసుకోండి.

విషం ఎక్కడుంది, ఎలా పోతుంది

దుంపలో, ఆకులో లినమారిన్ అనే పదార్థం ఉంటుంది. అది ఒక్కటే ఉన్నంతసేపు సైనైడ్ వెలువడదు. దాన్ని విడగొట్టే ఎంజైము కణం గోడలో, లినమారిన్ కణం లోపలి సంచిలో విడివిడిగా ఉంటాయి. పురుగు కొరికినప్పుడు రెండూ కలిసి హైడ్రోజన్ సైనైడ్ వస్తుంది. మొక్కకు ఇది రక్షణ. మన వంటింటి పని కూడా అదే: తినేముందు రెండింటినీ కలిపి, వచ్చిన సైనైడ్‌ను బయటికి పంపేయడం. సైనైడ్ 26 డిగ్రీలకే ఆవిరవుతుంది కాబట్టి పంపడం తేలికే, కలపడమే అసలు పని.

కిలో దుంపకు 50 మిల్లీగ్రాముల లోపు సైనైడ్ ఉన్నవి తీపి రకాలు, 100 దాటితే చేదు రకాలు. ఒకే రకంలో కూడా కరువు పడితే పెరుగుతుంది. తొక్కలో కండకన్నా ఎక్కువ. పచ్చి ముక్క ఎప్పుడూ నమలకండి. ఇంటికి తెచ్చిన తీపి రకాన్ని వండే పద్ధతి:

1. పైన గోధుమ పొర, దాని కింద తెల్లటి లేదా గులాబీ రంగు మందపు తొక్క, రెండూ తీయాలి. నిలువుగా ఒక గాటు పెట్టి కత్తి మొనతో లేపితే పట్టలా ఊడి వస్తుంది. పీలరుతో గీస్తే లోపలి తొక్క మిగిలిపోతుంది.
2. 5 సెంటీమీటర్ల ముక్కలు కోసి, నిలువుగా చీల్చి మధ్య నార లాగేయండి. నీలం చారలున్న భాగం పారేయండి.
3. కిలో ముక్కలకు 4-5 లీటర్ల చన్నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టండి. మరిగే నీళ్లలో వేయకండి. సుమారు 70 డిగ్రీలు దాటితే ఎంజైము చచ్చిపోతుంది, దానికి విడగొట్టే వ్యవధి ఉండాలి కాబట్టి నీళ్లు మెల్లగా వేడెక్కాలి.
4. మూత పెట్టకండి. పొంగు వచ్చిన పది నిమిషాలకు ఆ నీళ్లు వంచేసి, మళ్లీ వేడినీళ్లు పోసి ఉప్పు, పసుపు వేసి ముక్క పగిలేదాకా ఉడకనివ్వండి. మొత్తం 20-30 నిమిషాలు.
5. రెండో నీళ్లు కూడా వంచేయాలి. అందులో పప్పు వండడం, పులుసు పెట్టడం వద్దు.

ప్రెషర్ కుక్కర్‌లో కొద్ది నీళ్లతో పెడితే ఎంజైము వెంటనే చస్తుంది, వెలువడిన కాస్త సైనైడ్ కూడా లోపలే ఉండిపోతుంది. కుక్కర్ వాడాలనుకుంటే ముందు 3వ అంచె, 4వ అంచెలో మొదటి నీళ్లు వంచేదాకా పూర్తిచేసి, ఆ తర్వాతే వాడండి. దుంపను ముక్కలు చేయకుండా నిప్పుల్లో కాల్చినా, పచ్చిముక్కలు నేరుగా నూనెలో వేయించినా విషం పెద్దగా తగ్గదు. చిప్స్ చేసేవాళ్లు ముక్కలను ముందు పొంగించి ఆరబెట్టాకే నూనెలో వేయాలి. ఉడికాక చేదుగా తగిలిన ముక్క ఉమ్మేయండి, ఆ గిన్నెలోనివన్నీ పారేయండి. తిన్న కొద్ది గంటల్లో తలతిరగడం, వాంతి, ఆయాసం వస్తే ఇంటి వైద్యం కాదు, వెంటనే ఆసుపత్రి.

చేదు రకాలు తినే దేశాల్లో పని మరింత పెద్దది. అమెజాన్‌లో తురిమిన గుజ్జును టిపిటి అనే పొడవాటి అల్లిక గొట్టంలో కూరి, లాగి రసం పిండేస్తారు. నైజీరియాలో తురుమును గోతాల్లో బరువు కింద కొన్ని రోజులు పులియబెట్టి, పెనం మీద వేయించి ‘గారి’ అనే రవ్వలాంటి తిండి చేస్తారు. తురమడం వల్ల ప్రతి కణమూ పగులుతుంది, ఉడకబెట్టడం కన్నా అది మెరుగు. కరువు కాలంలో ఈ పని కుదించిన చోటే, మొజాంబిక్, కాంగోల్లో, కాళ్లు పడిపోయే కొంజో జబ్బు వచ్చింది. తిండిలో మాంసకృత్తులు లేకపోవడం దానికి తోడయింది. మన తీపి రకాలకు కూడా పప్పు, గుడ్డు, చేప తోడుండాలి. దుంపలో మాంసకృత్తులు నూటికి ఒకటి, రెండే. కేరళలో ‘కప్ప’తో (కర్రపెండలానికి అక్కడి పేరు) చేపల కూర వడ్డించే అలవాటు ఈ లెక్కకు సరిగ్గా సరిపోతుంది.

ఇంట్లో పిండి తీయడం

కిలో తాజా దుంప తొక్క తీసి సన్నగా తురమండి. 3 లీటర్ల నీళ్లలో కలిపి నలిపి, పలుచటి నూలు గుడ్డలో పిండండి. పిప్పికి మళ్లీ లీటరు నీళ్లు పోసి ఇంకోసారి పిండండి. పాలలాంటి ఆ నీళ్లను 5-6 గంటలు కదపకుండా ఉంచితే పిండి రాయిలా అడుగున కూర్చుంటుంది. పైనీళ్లు వంచి, కొత్త నీళ్లతో కలిపి ఇంకోసారి తేర్చి, గుడ్డ మీద పలుచగా ఆరబెట్టండి. 150 నుంచి 200 గ్రాములు వస్తుంది. రాత్రంతా వదిలేస్తే పులిసి వాసన వస్తుంది. వంచిన నీళ్లు, ముఖ్యంగా మొదటివి, పశువుల తొట్టిలో పోయకండి.

మిల్లులో ఇదే పని పెద్ద ఎత్తున జరుగుతుంది. సగం ఆరిన పిండిని పొడిచేసి, ఊయలలా ఊగే గుడ్డలో గుండ్రటి గింజలుగా కట్టించి, జల్లించి, వేడి పెనం మీద వేయిస్తే మామూలు సగ్గుబియ్యం. వేయించకుండా ఆవిరి పట్టిస్తే గాజులా మెరిసే నైలాన్ సగ్గుబియ్యం. కిలో సగ్గుబియ్యానికి నాలుగైదు కిలోల దుంప కావాలి. ఆగ్నేయాసియాలో సగ్గుబియ్యం సాగో తాటి అనే చెట్టు బోదె నుంచి వస్తుంది. మన ఉపవాసాల ఉప్మా, పాయసం, ఎండాకాలం వడియాలు మాత్రం ఈ దుంపవే. ఇక్కడ విషం భయం అక్కరలేదు, కడగడంలోనే పోతుంది.

ఆకు, తొక్క, పిప్పి

ఆకులో మాంసకృత్తులు బాగా ఉంటాయి, విషమూ దుంపకన్నా ఎక్కువే. కాంగోలో ఆకును రోట్లో మెత్తగా దంచి, చాలాసేపు ఉడికించి కూరగా తింటారు. దంచకుండా ఉడికిస్తే పనికాదు. మేకలకు వేయాలంటే సన్నగా తరిగి, పలుచగా పరిచి, రెండు, మూడు రోజులు బాగా ఎండనిచ్చి, వేరే మేతలో కొద్దికొద్దిగా కలపండి. పచ్చి ఆకులు గంపెడు మేసిన మేక, పచ్చి తొక్కలు మేసిన గేదె గంటల్లో పడిపోతాయి. తవ్విన రోజున చేలో పశువులను వదలకండి, నరికిన ఆకు కుప్పలకు దూరంగా కట్టేయండి. పిప్పి కూడా ఎండబెట్టాకే దాణాలో కలపాలి. తొక్కలను కంపోస్టులో వేయడమే నయం.